అగ్గిపెట్టెలమ్మిన కుర్రాడి లెక్కలు

మొన్నామధ్య ఒక శనివారం హైటెక్ సిటీ ఐకియాకెళ్ళి బిల్లీ అనే పుస్తకాల అలమర కొనుక్కొచ్చాను. కొనుక్కొచ్చానంటే, పొడుగాటి అట్టపెట్టెల్ని కారు సీట్లు మడిచి ఎలాగోలా కూరుకొచ్చానని అర్థం. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలెడితే భోజనాల వేళకి అది నిలబడింది. మధ్యలో వెనక చెక్క తిరగేసి బిగించి మళ్ళీ ఊడదీశాను. తప్పు నాదే, బొమ్మ సరిగ్గా చూసుకోలేదు. మా నాన్న పడక్కుర్చీలో కూర్చుని పేపరు చాటునుంచి ఈ భాగోతమంతా చూసి, చివర్లో ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"డబ్బులూ నువ్వే ఇచ్చావు, మోసుకొచ్చిందీ నువ్వే, వడ్రంగప్పనీ నువ్వే చేశావు. మరి వాడు చేసిందేవిట్రా?"

నవ్వేసి ఊరుకున్నాను. మనసులో మాత్రం "సర్వర్ చెయ్యాల్సిన పనంతా క్లయింట్ మీదకి తోసేశాడు నాన్నా" అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. వాడు చేసిందేమిటి? అసలు వాడెవడు?

వాడి పేరు ఇంగ్వార్ కంప్రాడ్. ఆయన గురించి ఫార్వర్డ్ మెయిళ్ళు మనందరికీ వచ్చే ఉంటాయి. అన్ని వేల కోట్లుండి కూడా 1993 నాటి పాత వోల్వో నడుపుతాడట, విమానంలో ఎకానమీ క్లాసులోనే ఎక్కుతాడట, పాతబట్టల సంతలో కొన్న చొక్కాలేసుకుంటాడట, కాబట్టి ఓ సాఫ్ట్‌వేరు ఇంజనీరూ, నీ కారు లోను చూసి సిగ్గుపడు అని. ఆ కథలు అబద్ధం కాదు. బట్టల సంగతైతే ఆయనే టీవీలో చెప్పుకున్నాడు. కాకపోతే ఆ మెయిళ్ళు రాసినవాళ్ళు స్విట్జర్లాండ్‌లో సరస్సు కనపడేట్టున్న ఇంటి సంగతీ, ఫ్రాన్సులో ద్రాక్షతోట సంగతీ రాయలేదు. ఈ నిరాడంబరత్వం కథ నాకెప్పుడూ సగమే అనిపించేది. మిగతా సగం కోసం కొంచెం చదివాను. చదివాక నాకర్థమైంది ఇదీ: ఈ మనిషి జీవితమంతా ఒకే పని చేశాడు. ఖర్చు ఎక్కడ దాక్కుని ఉందో వెతికి పట్టుకోవడం, దాన్ని తన లెక్కలోంచి తీసి ఇంకొకరి లెక్కలో వెయ్యడం. ఆ ఇంకొకరు ఎవరన్నదాన్ని బట్టి మనం చప్పట్లు కొట్టాలా, మొహం చిట్లించాలా అన్నది తేలుతుంది.

సరే, మొదటినుంచీ వద్దాం.

స్వీడన్ దక్షిణాన స్మోలాండ్ అని ఒక ప్రాంతం. అడవులు, చెరువులు, నాగలి దిగితే రాయి తగిలే నేల. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కణ్ణుంచి ఎంతోమంది తిండి చాలక అమెరికాకి వలసపోయారు. మిగిలినవాళ్ళకి పొదుపరులనీ, పిసినార్లనీ, ఏమీ లేకుండా ఏదో ఒకటి తయారు చెయ్యగలిగినవాళ్ళనీ దేశమంతా పేరు. (మన దగ్గర ఏ జిల్లావాళ్ళ మీద ఇలాంటి మాటలున్నాయో రాస్తే నన్ను తంతారు.) అందరూ ఆ ఊళ్ళొదిలి పోతున్న రోజుల్లో, 1896లో, జర్మనీ నుంచి ఒక కుటుంబం వచ్చి అక్కడ ఎల్మ్‌టారిడ్ అనే పొలం కొనుక్కుంది. ఏడాది తిరక్కుండానే అప్పు పుట్టక ఆ ఇంటి పెద్ద తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. చేతిలో పిల్లలు, కడుపులో ఇంకొకరు, భాష రాని దేశం. ఆయన భార్య ఫ్రాంజిస్కా ఆ పొలాన్ని నిలబెట్టింది. మన కథానాయకుడికి ఆవిడ నాయనమ్మ. అప్పుకోసం పొలంగట్టు మీద ప్రాణం తీసుకున్న రైతు కథ మనకి స్వీడన్ దాకా వెళ్ళి వినాల్సినంత కొత్తది కాదు. తర్వాత్తర్వాత ఈయన కంపెనీని స్టాక్ మార్కెట్‌కి తీసుకెళ్ళకుండా, బ్యాంకుల చేతిలో పెట్టకుండా, లాభాలతోనే పెంచుకుంటూ పోవడం వెనక ఆ తాతగారున్నారని నా అనుమానం.

ఇంగ్వార్ 1926 మార్చి 30న పుట్టాడు. ఐదేళ్ళ వయసులో అగ్గిపెట్టెలమ్మాడు. స్టాక్‌హోంలో ఉండే బంధువు ఒకావిడ చేత వంద అగ్గిపెట్టెలు టోకున తెప్పించాడు. వందా కలిపి 88 ఓరెలు. (మన పైసల్లాగే వంద ఓరెలు ఒక క్రోనా.) ఒక్కోటి రెండు నుంచి ఐదు ఓరెలకి చుట్టుపక్కల ఇళ్ళలో అమ్మాడు. దీన్ని అందరూ రాస్తారు. నాకు నచ్చిన చిన్న ముక్క వేరే ఉంది. ఆ పార్సిలు పంపిన పోస్టు ఖర్చు ఆవిడ అడగలేదట, దాన్ని ముసలితనంలో కూడా ఈయన గుర్తుపెట్టుకుని చెప్పాడు. అంటే జీవితంలో మొట్టమొదటి వ్యాపారంలోనే రవాణా ఖర్చు ఇంకొకరి ఖాతాలోకి పోయింది!

తర్వాత సైకిలెక్కి చేపలు, విత్తనాలు, పెన్నులు, క్రిస్మస్ అలంకరణలు. చదువు మాత్రం కష్టంగా నడిచింది, డిస్లెక్సియా ఉండేది. 1943లో, పదిహేడేళ్ళ వయసులో, చదువు బాగా సాగిందని తండ్రి ఇచ్చిన డబ్బుతో కంపెనీ రిజిస్టర్ చేశాడు. తన పేరులో రెండక్షరాలు, పొలం పేరు ఎల్మ్‌టారిడ్‌లో ఒకటి, ఊరి పేరు అగునారిడ్‌లో ఒకటి కలిపితే ఐకియా అయింది. మొదట్లో పెన్నులు, పర్సులు, ఫొటో ఫ్రేములు, నైలాను మేజోళ్ళు పోస్టులో పంపేవాడు. పార్సిళ్ళు రైలు స్టేషనుకి చేరాలి కదా. రోజూ పొద్దున్నే పాలు పట్టుకెళ్ళే బండి ఒకటి ఎలాగూ అటే పోతోంది. దాన్లో వేసేవాడు.

1948లో ఫర్నిచర్ మొదలైంది. మొదటివాటిలో చేతుల్లేని కుర్చీ ఒకటుంది, దానికి రూత్ అని పేరు పెట్టాడు. వస్తువుల నంబర్లు ఆయన బుర్రలో నిలిచేవి కావు. అందుకని పేర్లు. అవే ముదిరి, సోఫాలకి స్వీడిష్ ఊళ్ళు, బాత్రూము సామానుకి చెరువులు, నదులు, కుర్చీలకి మగవాళ్ళ పేర్లు అంటూ ఒక పద్ధతి అయి కూర్చుంది. ప్రపంచమంతా దాన్ని గొప్ప బ్రాండింగ్ అనుకుంటుంది. అసలు సంగతి, యజమానికి ప్రైమరీ కీ గుర్తుండకపోవడం.

ఈయన కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఐకియా అంటే మనకి గుర్తొచ్చే ప్రతిదీ ఏదో ఒక బగ్గుకి వేసిన ప్యాచ్. ముందుగా ఎవరూ కూర్చుని ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ రాయలేదు. 1950ల మొదట్లో పోస్టులో అమ్మేవాళ్ళ మధ్య ధరల యుద్ధం నడిచింది. ఇస్త్రీ బల్ల నువ్వు అర క్రోనా తగ్గిస్తే నేనింకో అర క్రోనా తగ్గిస్తానని పోటీ. ధరతోపాటు నాణ్యతా పడిపోయి ఫిర్యాదులొచ్చాయి. కేటలాగులో బొమ్మ చూసి కొనే మనిషికి, వచ్చేది చెక్కో అట్టో తెలీదు. దాంతో 1953లో ఎల్మ్‌హుల్ట్ అనే చిన్న ఊళ్ళో పాత వడ్రంగి షెడ్డు ఒకటి కొని, సామాన్లు పెట్టి, వచ్చి ముట్టుకు చూసుకోండి అన్నాడు. కాఫీ, బన్ను ఉచితమని కూడా రాశాడు. తెరిచిన రోజు వెయ్యిమంది వచ్చి నిలబడ్డారు. బన్నులు సరిపోతాయో లేదో, ఆ పాత షెడ్డు నేల ఇంతమందిని మోస్తుందో లేదో అని ఆయనకి గుండె దడ.

ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. ఇంత తక్కువకి అమ్మితే మిగతా కొట్లవాళ్ళు ఊరుకుంటారా? ఫర్నిచర్ వ్యాపారుల సంఘం ఆయన్ని ప్రదర్శనల్లోంచి గెంటింది. ఐకియాకి సరుకిస్తే మేం మీ దగ్గర కొనం అని తయారీదార్లని బెదిరించింది. కొందరు మానేశారు. కొందరు రాత్రిపూట, పేరు రాయని వ్యానుల్లో పంపేవాళ్ళు. అందరి దగ్గరా దొరికే నమూనాలు తనకి దొరక్కుండా పోయేసరికి, సొంతంగా డిజైన్లు చేయించుకోవాల్సొచ్చింది. బహిష్కరించినవాళ్ళే ఆయన చేతిలో డిజైన్ విభాగం పెట్టారన్నమాట!

1956 నాటి బల్ల కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి, ఫొటో షూటింగు అయిపోయాక ఆకు ఆకారంలో ఉన్న బల్లని కారులో పెట్టబోతే పట్టలేదు. విసుగొచ్చి, కాళ్ళూడదీసి పైభాగం కింద పెట్టేద్దాం అన్నాడు. అక్కడే పుట్టింది ఫ్లాట్ ప్యాక్ అంటారు. పూర్తిగా నిజం కాదు. విడదీసి అమ్మే ఫర్నిచర్ స్టాక్‌హోంలోని ఎన్‌కే అనే పెద్ద దుకాణం 1940ల్లోనే పెట్టింది. కంప్రాడ్ కనిపెట్టింది ఫ్లాట్ ప్యాక్‌ని కాదు, అందులో దాక్కున్న లెక్కని. కాళ్ళున్న బల్లని లారీలో పంపుతున్నామంటే ఎక్కువగా పంపుతున్నది గాలి. గాలికి అద్దె కట్టడం ఆ స్మోలాండ్ మనిషికి మింగుడుపడలేదు. పైగా దారిలో విరిగేవన్నీ కాళ్ళే. విడదీస్తే గిడ్డంగిలో చోటు మిగులుతుంది, లారీల సంఖ్య తగ్గుతుంది, విరుగుడు తగ్గుతుంది, బిగించే కూలి మొత్తానికే ఎగిరిపోతుంది. ఎగిరిపోవడమంటే ఎక్కడికీ పోదు, ఆదివారం పొద్దున మా ఇంటి హాల్లోకొచ్చి వాలుతుంది.

1958లో అదే ఎల్మ్‌హుల్ట్‌లో పెద్ద కొట్టు కట్టాడు, 6,700 చదరపు మీటర్లు. ఊరు చూస్తే మన మండల కేంద్రమంత. ఎక్కడెక్కణ్ణుంచో కార్లలో వచ్చిన జనం ఆకలేసి తొందరగా వెళ్ళిపోతున్నారని 1960లో లోపలే భోజనశాల పెట్టాడు. ఆకలితో ఉన్నవాడితో బేరం కుదరదనేది ఆయన సిద్ధాంతం. మన పెళ్ళిచూపుల్లో ముందు పలహారాల పళ్ళెం ఎందుకొస్తుందో ఆలోచించండి.

1965లో స్టాక్‌హోం శివార్లలో కుంగెన్స్ కుర్వా దగ్గర 45,800 చదరపు మీటర్ల కొట్టు తెరిచాడు. న్యూయార్కులోని గుగెన్‌హైమ్ మ్యూజియం చూసి ముచ్చటపడి గుండ్రంగా కట్టించాడు. తెరవగానే వేలమంది మీద పడ్డారు. గిడ్డంగిలోంచి సామాన్లు తెచ్చిచ్చే పనివాళ్ళు చాల్లేదు, క్యూలు కదల్లేదు. అచ్చంగా మన సైట్లు పండగ సేల్ రోజు కూలిపోయినట్టు. చివరికి గిడ్డంగి తలుపులు తీసేసి "మీరే వెళ్ళి తెచ్చుకోండి" అన్నారు. జనం తెచ్చుకున్నారు! ఎవరూ తిట్టుకోలేదు సరికదా, త్వరగా పనైపోయిందని సంతోషించారు. 1970లో పైనున్న నియాన్ బోర్డు అంటుకుని ఆ కొట్టు బాగా కాలిపోయింది. మరుసటేడు మళ్ళీ తెరిచినప్పుడు, సొంతంగా తీసుకునే గిడ్డంగిని ప్లానులోనే పెట్టేశారు. ఆపద్ధర్మంగా చేసిన ప్యాచ్ మెయిన్ బ్రాంచ్‌లోకి మెర్జ్ అయింది.

ఇక్కడిదాకా కథ ముచ్చటగానే ఉంది. కొనేవాడికి శ్రమ పెరిగింది, నిజమే, కానీ ధర తగ్గింది, ఆ బేరం కొనేవాడికి తెలిసే జరిగింది. అప్పుడే కొత్తగా కాపురం పెట్టుకుంటున్న స్వీడిష్ కుర్ర జంటలకి తాతలనాటి బరువు సామాను కాకుండా తమ జీతంలో దొరికే సోఫా వచ్చింది. ఇది చిన్న విషయమని నేననుకోను. మా నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంట్లో రెండు ఇనప కుర్చీలు, ఒక మడత మంచం. టేకు బీరువా కొనడానికి చీటీ పాడాల్సొచ్చింది. సామాన్యుడి ఇంట్లోకి నదరైన వస్తువు రావడమంటే ఏమిటో ఆ తరానికి తెలుసు.

కానీ లెక్కలో రెండో పేజీ ఉంది.

స్వీడన్ తయారీదార్లు మొహం తిప్పుకున్నాక, 1961లో కంప్రాడ్ పోలండ్ వెళ్ళాడు. బెర్లిన్ గోడ లేచిన ఏడాది అది. కమ్యూనిస్టు దేశంలో కుర్చీలు చేయించుకోవడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అక్కడ మొదట్లో స్వీడన్ ధరలో దాదాపు సగానికి పనయ్యేది. మిషన్లకి విడిభాగాలు, ఆకురాళ్ళు, ఆఖరికి టైపు మిషనుకి కార్బన్ కాగితాలు కూడా దొంగతనంగా పట్టుకెళ్ళేవాళ్ళమని ఆయనే తర్వాత చెప్పాడు. పోలండ్ లేకపోతే ఐకియా లేదు, ఇది ఖాయం. తర్వాత పక్కనున్న తూర్పు జర్మనీలో కూడా సరుకు చేయించారు. ఆ ఫ్యాక్టరీల్లో కొన్నిచోట్ల పనిచేసింది జైల్లో ఉన్న రాజకీయ ఖైదీలు. 2012లో కంపెనీయే బయటివాళ్ళ చేత విచారణ చేయించి, మా మేనేజర్లకి ఈ అనుమానం అప్పట్లోనే ఉందని ఒప్పుకుని, క్షమాపణ చెప్పింది. 2024లో జర్మనీ ఐకియా ఆ బాధితుల నిధికి 60 లక్షల యూరోలు ఇస్తానంది. చౌకగా వచ్చిన సోఫా ధరలో మిగతా భాగం ఎవరు కట్టారో తెలియడానికి అన్నేళ్ళు పట్టింది.

పన్నుల కథ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. 1970ల్లో స్వీడన్ పన్నులు ఆకాశంలో ఉండేవి. పిప్పీ లాంగ్‌స్టాకింగ్ రాసిన ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ మీకు తెలుసుగా? ఆవిడదీ స్మోలాండే. 1976లో ఆవిడకి అదనపు సంపాదన మీద 102 శాతం పన్ను పడింది! సంపాదించినదానికన్నా కట్టాల్సింది ఎక్కువ. ఆవిడ ఒక వ్యంగ్య కథ రాసి పేపర్లో వేయించింది. దేశమంతా నవ్వింది, నలభై ఏళ్ళకి పైగా అధికారంలో ఉన్న పార్టీ ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిపోయింది. ఆవిడ మాత్రం స్టాక్‌హోంలోనే ఉండిపోయింది. అదే స్మోలాండ్ నుంచి వచ్చిన ఈయన కథ రాయలేదు, సామాన్లు సర్దుకున్నాడు. 1973లో డెన్మార్కు, 1976లో స్విట్జర్లాండ్. సర్దడంలో ఆయనకున్న అనుభవం తెలిసిందే. కంపెనీని కూడా అలాగే ముక్కలుగా విడదీశాడు. 1982లో నెదర్లాండ్స్‌లో ఒక ఫౌండేషన్ పెట్టి, కొట్లు నడిపే వ్యాపారంలో ఎక్కువ భాగం దానికి రాసేశాడు. పేరు, డిజైను, పద్ధతి మీద హక్కులన్నీ ఇంటర్ ఐకియా అనే వేరే సంస్థకి. ప్రతి కొట్టూ తన అమ్మకాల్లో 3 శాతం ఆ సంస్థకి కట్టాలి. ఆ సంస్థ వెనక ఎవరున్నారన్నది చాలాకాలం రహస్యం. లీక్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశంలో ఇంటెరోగో అనే ఇంకో ఫౌండేషన్ ఉందని 2011లో స్వీడిష్ టీవీ బయటపెట్టింది. అంతకుముందు 2006లోనే ఎకనమిస్ట్ పత్రిక, ఆస్తి పరంగా ప్రపంచంలోకెల్లా పెద్ద ధర్మసంస్థ ఇదేననీ, ఆ ఆస్తితో పోలిస్తే ఇది చేస్తున్న దానం బహు తక్కువనీ ఎండగట్టింది.

దీన్ని మోసమనలేం. చట్టానికి లోబడే చేశాడు. ఆయన వాదన కూడా వినాలి: నా తర్వాత కొడుకులు కొట్టుకుని కంపెనీని ముక్కలు చెయ్యకూడదు, ఎవరూ కొనెయ్యకూడదు, చీడ పట్టకూడదు. తెలుగు వ్యాపార కుటుంబాల్లో మూడో తరానికి ఏమవుతుందో చూసినవాళ్ళకి అందులో న్యాయం కనబడుతుంది. కానీ ఈయన గిడ్డంగులకి రోడ్లేసింది, ఈయన పనివాళ్ళకి చదువు చెప్పింది ఆ పన్నులే కదా. పొరపాటున హోటల్లో మిరియాల పొట్లం దాచుకున్నాడని పొగిడే మెయిళ్ళలో ఈ ఫౌండేషన్ల బొమ్మ ఎందుకుండదు? రెండూ ఒకే బుద్ధి. ఒకటి చూస్తే ముద్దొస్తుంది, రెండోది చూడ్డానికి చార్టెడ్ అకౌంటెంట్ కావాలి.

ఇక అసలు కష్టమైన పేజీ.

1943లో ఐకియా ఫైలు తెరుచుకుందని చెప్పాను కదా. అదే ఏడాది స్వీడన్ భద్రతా పోలీసులు కూడా ఈ పదిహేడేళ్ళ కుర్రాడి పేరుతో ఒక ఫైలు తెరిచారు. దాని మీద నాజీ అని ముద్ర. హిట్లరంటే ఇంట్లో నాయనమ్మకి గౌరవం, అది మనవడికీ అంటింది. పేర్ ఎంగ్డాల్ అనే ఫాసిస్టు నాయకుడి ఉద్యమంలో ఉన్నాడని 1994లో ఎక్స్‌ప్రెస్సెన్ పత్రిక బయటపెట్టింది. కంప్రాడ్ ఉద్యోగులందరికీ ఉత్తరం రాసి, నా జీవితంలో అతిపెద్ద తప్పిదం ఇదే, క్షమించమని అడిగాడు. జనం కూడా చిన్నతనపు తప్పని వదిలేశారు. 2011లో ఎలిసబెత్ ఓస్‌బ్రింక్ అనే రచయిత్రి పుస్తకం రాసేదాకా ఆ ఫైలు సంగతీ, ఆయన ఏకంగా స్వీడిష్ నాజీ పార్టీలోనే సభ్యుడన్న సంగతీ తెలీదు.

ఆ పుస్తకం నిజానికి కంప్రాడ్ మీద కాదు. ఓటో ఉల్మన్ అనే యూదు కుర్రాడి మీద. వియన్నాలో తల్లిదండ్రులు 1939లో వాణ్ణొక్కణ్ణీ స్వీడన్ పంపేశారు, తర్వాత మేమూ వస్తామని. రాలేకపోయారు. కొడుక్కి ఐదువందలకు పైగా ఉత్తరాలు రాశారు, చివరికి ఆష్విట్జ్‌లో చనిపోయారు. ఆ ఓటో కూలిపనికి చేరింది ఎక్కడనుకున్నారు? కంప్రాడ్ వాళ్ళ పొలంలో. ఇంగ్వార్‌కీ ఓటోకీ ఇంచుమించు ఒకటే వయసు, ప్రాణస్నేహితులయ్యారు. ఐకియా మొదటి రోజుల్లో ఓటో అందులో పనికూడా చేశాడు. పగలు ఓటోతో కబుర్లు, ఇంకోపక్క ఓటో అమ్మానాన్నల్ని చంపిన సిద్ధాంతానికి చందా. ఇదెలా కుదిరిందని రచయిత్రి ముసలి కంప్రాడ్‌ని స్వయంగా అడిగింది. ఆయనకి అందులో వైరుధ్యం ఏమీ కనబడలేదు. పైగా ఎంగ్డాల్ గొప్ప మనిషేనని, బతికున్నంతకాలం ఆ మాటే అంటానని చెప్పాడు. 1950లో తన పెళ్ళికి ఎంగ్డాల్‌ని పిలిచాడు కూడా. అప్పటికి యుద్ధం ముగిసి ఐదేళ్ళయింది, నాజీలు ఏం చేశారో లోకమంతా ఎరుగును.

పదిహేడేళ్ళ కుర్రాణ్ణి నేను క్షమించగలను. ఆ వయసులో నేనూ కాలేజీ గోడల మీద ఎవరెవరికో జిందాబాద్‌లు రాశాను. ఎనభై దాటాక అలా జవాబిచ్చిన మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. ఒక ఓరె తేడా వస్తే రాత్రి నిద్రపోని మనిషి, ఈ ఒక్క పద్దు మాత్రం సరిచూసుకోకుండా వదిలేశాడు.

స్వయంకృషి అనగానే మనకి విశ్వనాథ్ గారి సినిమాలో చెప్పులు కుట్టే చిరంజీవి గుర్తొస్తాడు. కంప్రాడ్ నిస్సందేహంగా ఆ కోవకి చెందినవాడే, ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. తాగుడు అలవాటుందని దాచుకోకుండా చెప్పుకున్నాడు, దాంతో జీవితాంతం కుస్తీ పట్టాడు. 1986లో రోజువారీ నిర్వహణ వేరేవాళ్ళకి అప్పగించినా కొట్లు తిరిగి చూడ్డం మానలేదు. కానీ ఆ స్వయంకృషిలో నాయనమ్మ పొలం, తండ్రి ఇచ్చిన డబ్బు, పోస్టు ఖర్చు అడగని బంధువు, పాల బండి, బల్ల కాళ్ళూడదీసిన లుండ్‌గ్రెన్, పోలిష్ వడ్రంగులు, పేరు తెలీని ఖైదీలు, గిడ్డంగిలో ట్రాలీ తోసుకున్న కోట్లాదిమంది ఉన్నారు. (నా అలమర బిల్లీని 1979లో గీసింది కూడా లుండ్‌గ్రెన్ గారే. వెనక చెక్క ఏ వైపు తిప్పాలో ఆయన్నడగాల్సింది.)

భార్య 2011లో పోయాక ఆయన స్విట్జర్లాండ్‌లో ఒంటరివాడయ్యాడు. 2014లో స్వీడన్ తిరిగొచ్చి, పెద్దతనంలో మళ్ళీ అక్కడే పన్ను కట్టడం మొదలెట్టాడు. 1958లో కట్టిన ఎల్మ్‌హుల్ట్ కొట్టు 2016లో మ్యూజియం అయింది. 2018 జనవరి 27న, 91 ఏళ్ళ వయసులో, స్మోలాండ్‌లోనే చనిపోయాడు.

హైదరాబాదు కొట్టు చూడకుండానే పోయాడన్నమాట. 1980ల నుంచీ మన దేశంలో తివాచీలు, బట్టలు నేయించుకుని పట్టుకెళ్ళేవాళ్ళు, ఇక్కడ అమ్మడానికి మాత్రం 2012లో చట్టం మారేదాకా వీలు పడలేదు. 2018 ఆగస్టు 9న రాయదుర్గంలో 13 ఎకరాల్లో, 4 లక్షల చదరపు అడుగుల్లో తెరిచారు. మొదటిరోజు 40,000 మంది దాకా వచ్చారని పత్రికలు రాశాయి. మైండ్‌స్పేస్ దారి మొత్తం స్తంభించింది. వెయ్యి మంది కూర్చునే భోజనశాలలో బిర్యానీ అప్పట్లో 99 రూపాయలు. ఎల్మ్‌హుల్ట్ బన్నుల కథే, కాస్త మసాలాతో.

ఒక్కచోట మాత్రం కంప్రాడ్ లెక్క మన దగ్గర అడ్డం తిరిగింది. స్వీడన్‌లో వడ్రంగిని పిలిస్తే జీతం ఆవిరైపోతుంది, అందుకే అక్కడ ఎవరి బల్ల వాళ్ళే బిగించుకుంటారు. మన దగ్గర అదే పనికి పక్కవీధిలో మనిషి దొరుకుతాడు, పైగా ఇంటి యజమాని స్క్రూలు తిప్పడం నామోషీ. దాంతో ఇక్కడ ఇంటికొచ్చి బిగించిపెట్టే మనుషుల్ని మొదటినుంచే ఏర్పాటు చెయ్యాల్సొచ్చింది. క్లయింటు ఒప్పుకోకపోతే పని మళ్ళీ సర్వరుకే వెళ్తుంది.

ఇదంతా ఆ రాత్రి భోంచేస్తూ నాన్నకి చెప్పాను, అగ్గిపెట్టెల దగ్గర్నుంచీ. ఓపిగ్గా విన్నారు. ఓటో ఉత్తరాల దగ్గర అన్నం కలపడం ఆపారు. చివర్లో "అయితే పిల్లాడికి పోస్టు ఖర్చు కూడా వదిలేసిందన్నమాట ఆవిడ" అన్నారు, అంతే.

పొద్దున లేచి చూస్తే, అలమరతోపాటొచ్చిన ఆ వంకర ఇనప తాళం, మిగిలిపోయిన రెండు చెక్క మేకులు నేను పారేసిన అట్టల్లోంచి ఏరి, పాత హార్లిక్స్ సీసాలో వేసి మూతపెట్టి ఉన్నాయి. ఎందుకు నాన్నా అంటే, ఎప్పుడో దేనికో పనికొస్తాయి, ఊరికే పారేస్తావేం అన్నారు.